తరుగు

మేడం పేరు ఫర్హీన్. నా చిన్నబిడ్డ ఈడుది.
మొదటి రోజే నా వేళ్లు చూసి
"అంకుల్, ఈ నీలం ఎక్కడిది?" అన్నది.
కార్బన్ పేపరుదమ్మా, ఇరవై తొమ్మిదేండ్లది,
సబ్బుకు పోదన్న.

ఎనుమాముల యార్డుల తక్‌పట్టీలు రాసే గుమస్తాను.
పైది రైతుకు, నడిమిది సావుకారికి, కిందిది ఆఫీసుకు.
మూడో కాగితం దాకా అక్షరం దిగాలంటే
పెన్ను ఎంత ఒత్తాలో ఈ చేతికే ఎరుక.
అదే ఒత్తుడు కీబోర్డు మీద ఒత్తితే
తెర నిండా ఏడు ఏడు ఏడు ఏడు,
లారీ డాలా ఇప్పినట్టు.

శివనగర్ల జిరాక్సు దుకాణం మీద రూము.
కోర్సు మొత్తం తొమ్మిది ముక్కలట,
ఏ ముక్క ముందు అందుకుంటవో నీ ఇష్టమట.
తేజ కాయ దిగే మూడు నెలలు రాకున్నా సరే,
పాసైన ముక్క పాసైనట్టే.
చిట్టీ కట్టినట్టున్నదమ్మా అన్న.
"చిట్టీ మునుగుతది అంకుల్, ఇది మునగది."

పక్క కుర్చీల అనసూర్య, దవాఖానల ఓపీ చీటీలు రాస్తది.
నైట్ డ్యూటీ వారం రాదు.
ఆమెకు మూడు ముక్కలైనయి, నాకు రెండు.

ఈ-మెయిల్ ముక్క నాడు నవ్వొచ్చింది.
సీసీ అంటే కార్బన్ కాపీ అన్నది మేడం,
పేరెందుకు అట్లొచ్చిందో నాకూ తెల్వదన్నది.
నేను వేళ్లు చూపెట్టిన.
క్లాసంతా లేచొచ్చి చూసిండ్రు,
మ్యూజియంల కత్తిని చూసినట్టు.

తర్వాత షీటు ముక్క.
ఎవరి పని కాడి లెక్క వాళ్లే తెచ్చి ఎక్కియ్యాలె, అదే పరీక్ష.
పోయిన సీజను పట్టీ బుక్కులు సంచిల ఏసుకపోయిన.
పేజీ తిప్పితే ఘాటు.
మేడం తుమ్మింది, అనసూర్య తుమ్మింది,
కరెంటు గూడ ఒక్కసారి పోయొచ్చింది.
పదిహేను సాయంత్రాలు ఎక్కిచ్చిన:
పేరు, ఊరు, బస్తాలు, తూకం, ధర,
హమాలీ, దడువాయి, కమీషన్.
తరుగు అన్న గడి కాడ వేలు ఆగింది.

బస్తాకు కిలో. తేముంటే రెండు.
గలగలమనే కాయకు గూడ రెండు రాసిన రోజులున్నయి,
సావుకారి ఇటు చూసి దగ్గితే చాలు.

"మూలన చుక్క పట్టి కిందికి గుంజు అంకుల్.
ఇప్పుడు కూడిక కొట్టు."
కొట్టిన.
మూడు వందల పన్నెండు వరుసల అడుగున
అంకె ఒకటి నిలవడ్డది:
పదకొండు వేల నాలుగు వందల ఆరు కిలోలు.

ఏ బుక్కుల, ఏ పేజీల ఇంత లేదు.
పద్దెనిమిది, ఇరవై, ముప్పై ఆరు,
గంతే రాసిన నేను.
కొంచెం కొంచెమే రాసిన. సాఫ్ రాసిన.
మూడో కాగితం దాకా దిగేటట్టు రాసిన.

"తప్పొచ్చిందా?" అన్నది మేడం, నా మొఖం చూసి.
లేదమ్మా, లెక్క సరిగ్గనే ఉన్నదన్న.
ఆమె వంగి చూసి టిక్కు పెట్టింది.
మూడో ముక్క పాస్.

ఫైలుకు పేరు పెట్టుమన్నది తెర.
దుకాణం పేరు కొట్టిన, చెరిపిన.
తొంభై నాలుగో వరుసల బానోతు హేమ్లా,
నలభై బస్తాల చపాటా, ఎనభై కిలోల తరుగు.
ఆ రోజు పట్టీ మడత పెట్టుకుంట
"నీ రాత ముద్దుగుంటది సారూ" అని
చేతిల గుప్పెడు పల్లికాయ పెట్టి పోయిండు.
తిన్న గూడ.

ఫైలు మేడంకు మెయిలు చెయ్యాలె.
ఆమె అడ్రసు కొట్టిన.
కింద సీసీ గడి ఖాళీగ ఉన్నది,
లోపల సన్నటి గీత ఆరుకుంట వెలుగుకుంట.
హేమ్లాకు మెయిలు ఉన్నదో లేదో.
బయట అనసూర్య చెప్పులు తొడుక్కుంటున్నది,
జిరాక్సాయన షట్టరు సగం దించిండు.

పైది రైతుది గదా, పట్టీల.